డబ్బు వెనక్కొచ్చే దారి ఉందా లేదా చూసుకోండి

పిల్లలూ,

మొన్న చిన్నోడు ఫోన్ చేసి తాతయ్యా ఆన్‌లైన్‌లో ఏదన్నా కొంటే కార్డుతో కట్టాలా, వాలెట్టా, లేక నేరుగా అకౌంట్‌కి పంపేస్తే సరిపోతుందా అని అడిగాడు, నేను అప్పుడు బస్సులో ఉన్నా, ఆ గోలలో ఏదో చెప్పి పెట్టేశా, అందుకే ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. అందరూ చదవండి. పెద్దమ్మాయి కూడా, తనకి అన్నీ తెలుసనుకుంటుంది కదా.

నేను చూసేది ఒకటే. వస్తువు రాకపోతే, వచ్చినా పగిలిపోయి వస్తే, ఆ డబ్బు వెనక్కి లాగే దారి ఎవరి చేతిలో ఉంది? అమ్మినోడి చేతిలోనే ఉంటే ఇంక అంతే సంగతులు.

ఇది నాకు ఊరికే తెలిసిరాలేదు. కొన్నేళ్ల కిందట ఒక పాత కెమెరా ఆన్‌లైన్‌లో కనబడింది, అమ్మేవాడు చాలా మర్యాదగా కార్డైతే కమిషన్ పోతుంది సార్, అకౌంట్‌కి వేసేయండి, కొంచెం తగ్గిస్తా అన్నాడు, నేనూ వేసేశా. ఆ సాయంత్రం నుంచి వాడి ఫోన్ స్విచాఫ్. బ్యాంకుకి పోతే మీరే పంపారు కదండీ అన్నారు, వాళ్ల మాట తప్పు కాదు. మీ నానమ్మ ఇప్పటికీ ఎవరన్నా ఫోటో తీద్దాం అంటే నా వంక చూసి నవ్వుతుంది.

అదే క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే చార్జ్‌బ్యాక్ అని అడిగేవాణ్ణి, అంటే వస్తువు రాలేదని మన బ్యాంకుకి కంప్లైంట్ ఇస్తే వాళ్లు అమ్మినోడి బ్యాంకుతో తేల్చుకుంటారు. వీసా, మాస్టర్‌కార్డ్ రూల్స్‌లో ఇలాంటివాటికి మామూలుగా 120 రోజుల దాకా టైం ఉంటుంది, కానీ అన్ని రోజులు కూర్చోకండి, అమ్మినోడు రేపు మాపు అంటున్నాడంటే అనుమానించాల్సిందే. డెబిట్ కార్డుకీ చాలాచోట్ల చార్జ్‌బ్యాక్ ఉంది, తేడా ఏంటంటే తగాదా తేలేదాకా మన అకౌంట్‌లోంచి పోయిన డబ్బు పోయినట్టే ఉంటుంది, క్రెడిట్ కార్డులో అయితే ఇరుక్కునేది బ్యాంకు డబ్బు.

మీకు ఇంకా క్రెడిట్ కార్డు రాదు, నాకు తెలుసు. అయితే కొన్ని బ్యాంకులు వర్చువల్ కార్డు ఇస్తాయి, అంటే చేతికి కార్డు రాదు, ఆన్‌లైన్‌లో వాడుకోడానికి నెంబర్ మాత్రమే ఇస్తారు, దానికి లిమిట్ పెట్టుకోవచ్చు, పని అయ్యాక ఆపేయొచ్చు. అది లేకపోతే ఆన్‌లైన్ కోసం విడిగా ఒక చిన్న అకౌంట్ పెట్టుకుని కావాల్సినంతే అందులో వేసుకోండి, ఉన్న డబ్బంతా ఒకే కార్డు వెనక పెట్టొద్దు.

ఫోన్‌లో కార్డు పెట్టుకునే వాలెట్లు నాకు నచ్చుతాయి. 2014లో వచ్చిన యాపిల్ పేలో షాపువాడికి మన అసలు కార్డు నెంబర్ వెళ్లదు, దాని బదులు ఇంకో నెంబర్ వెళ్తుంది, రేపు ఆ షాపు సైటు హ్యాక్ అయినా అక్కడ మన కార్డు నెంబర్ దొరకదు. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే పేపాల్ అనే సర్వీసు ఉంది కదా, అందులో అయితే ఒక తిరకాసు ఉంది, అమ్మేవాడు ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమంటే వద్దనండి, అలా పంపినదానికి కొన్నవాళ్లకిచ్చే ప్రొటెక్షన్ ఉండదు. వాడు మన ఫ్రెండూ కాదు ఫ్యామిలీ అంతకన్నా కాదు!

గిఫ్ట్ కార్డు నెంబర్ చెప్పమన్నా, బిట్‌కాయిన్ పంపమన్నా మాట్లాడకుండా బయటికొచ్చేయండి.

అన్నట్టు, సైటు పైన తాళం బొమ్మ ఉంది కాబట్టి మంచిదే అనుకోకండి, దారిలో మన వివరాలు ఎవరూ చదవలేరని మాత్రమే దానర్థం, అవతల కూర్చున్నవాడు దొంగా దొరా అన్నది అది చెప్పదు. కార్డు వెనక ఉండే సీవీవీ అనే చిన్న రహస్య నెంబర్‌ని పేమెంట్ అయ్యాక షాపువాళ్లు దాచుకోకూడదని కార్డు కంపెనీల రూలే ఉంది, అలాంటిది చాట్‌లో కార్డు ఫోటో రెండు వైపులా పంపమన్నాడంటే వాడు షాపువాడే కాదు. ఓటీపీ మెసేజ్ వస్తే అంకెలొక్కటే చూసి కొట్టేయకుండా ఎంత డబ్బు, ఎవరికి పోతోంది అన్నది కూడా చదవండి.

చిన్నోడా, నువ్వు కొనాలనుకుంటున్న ఆ హెడ్‌ఫోన్ల లింకు నాకు పంపు. డబ్బు కట్టే పేజీలో ఏమేం ఆప్షన్లు ఉన్నాయో ఇద్దరం చూద్దాం, బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ ఒక్కటే ఉంటే మాత్రం వేరేచోట వెతుక్కుందాం.

మీ తాతయ్య