పుట్టగానే తొడకు ఆ సూది ఎందుకు?

పుట్టిన కాసేపటికే బిడ్డ తొడకు వేసే విటమిన్ కె ఇంజెక్షన్‌ను వద్దనే తల్లిదండ్రుల సంఖ్య కొన్ని దేశాల్లో పెరుగుతోంది. పసికందుకు నొప్పి ఎందుకన్న జంకు అర్థమయ్యేదే. అయితే ఆ సూది రాకముందు ఏం జరిగేదో కూడా తెలియాలి.

1894లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ టౌన్‌సెండ్ అనే వైద్యుడు 50 మంది శిశువుల గురించి రాశాడు. పుట్టిన రెండు మూడు రోజులకే వాళ్లకు రక్తస్రావం మొదలైంది. కారణం మాత్రం అప్పటికి ఎవరికీ అంతుబట్టలేదు.

జవాబు కోడిపిల్లల దగ్గర దొరికింది. 1929 ప్రాంతంలో కోపెన్‌హాగెన్‌లో హెన్రిక్ డామ్ అనే శాస్త్రవేత్త వాటికి కొవ్వు తీసేసిన మేత పెడితే, చర్మం కిందా కండరాల్లోనూ రక్తం కారింది. కొలెస్టరాల్ కలిపినా, నిమ్మరసం ఇచ్చినా ఆగలేదు. పచ్చని ఆకుల్లో, పంది కాలేయంలో ఉన్న పదార్థమేదో ఆపింది. 1935లో దానికి విటమిన్ కె అని పేరు పెట్టాడు. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు కాలేయంలో తయారైనా, ఈ విటమిన్ లేకపోతే అవి పనిచేయవు. 1939లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డోయిజీ బృందం దాన్ని శుద్ధరూపంలో వేరుచేసింది. 1943 నోబెల్ బహుమతి డామ్, డోయిజీలిద్దరికీ దక్కింది.

మాయ దాటి బిడ్డకు చేరే విటమిన్ కె చాలా తక్కువ. తల్లిపాలలోనూ అంతే. అమ్మ రోజూ తోటకూర, పాలకూర తిన్నా పాలలో సరిపడా పెరగదు. ఇది తల్లి లోపం కాదు, పాలు మానిపించాల్సిన కారణం అంతకన్నా కాదు. ఆ లోటు పూడ్చేందుకే ఈ సూది.

భయాలకూ చరిత్ర ఉంది. తొలినాళ్లలో వాడిన కృత్రిమ రకం కె3 మోతాదు మించి నెలలు నిండని పిల్లల్లో కామెర్లు ముదిరాయి. అందుకే వైద్యులు ఆకుకూరల్లో సహజంగా ఉండే రకమైన కె1కు మారారు. 1961లో అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం పుట్టిన ప్రతి బిడ్డకూ దీన్ని సిఫార్సు చేసింది. 1992లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ అధ్యయనం ఇంజెక్షన్‌కూ పిల్లల క్యాన్సర్‌కూ ముడిపెట్టింది. ఆ తర్వాత స్వీడన్, అమెరికాల్లో జరిగిన పెద్ద పరిశీలనల్లో ఆ సంబంధం కనిపించలేదు. ఆ అనుమానం మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

అన్నిటికన్నా భయపెట్టేది ఆలస్యంగా వచ్చే రక్తస్రావం. రెండో వారం నుంచి మూడో నెలలోపు, అప్పటిదాకా చక్కగా పాలు తాగుతున్న బిడ్డకు చాలాసార్లు మెదడులోనే రక్తం చిమ్ముతుంది. మన దేశంలో కిలో, అంతకు మించిన బరువున్న శిశువుకు 1 మిల్లీగ్రాము విటమిన్ కె, అంతకన్నా తక్కువుంటే అర మిల్లీగ్రాము ఇవ్వాలన్నది నిబంధన. ఇంట్లోనో దారిలోనో కాన్పయితే ఇది తప్పిపోయే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ఆసుపత్రికి చేరగానే అడిగి వేయించాలి.