రొట్టెలు మాడ్చిన రాజు: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు మధ్యయుగ ఐరోపా చరిత్ర చెబుతుంటాను. 9వ శతాబ్దంలో దక్షిణ ఇంగ్లండ్‌లోని వెసెక్స్ రాజ్యాన్ని వైకింగ్‌ల (స్కాండినేవియా నుంచి ఓడల మీద వచ్చిన దండయాత్రికుల) నుంచి కాపాడిన రాజు ఆల్‌ఫ్రెడ్ పాఠం మొదలుపెడితే చాలు, ఏటా ఇవే మాటలు.

అపోహ: వైకింగ్‌లకు కొమ్ముల శిరస్త్రాణాలు ఉండేవి.
వాస్తవం: లేవు. 19వ శతాబ్దపు నాటక వేషాల పుణ్యం అది.

అపోహ: ఆల్‌ఫ్రెడ్ పందుల కాపరి ఇంట్లో తలదాచుకుని, రొట్టెలు మాడ్చి ఇల్లాలితో తిట్లు తిన్నాడు.
వాస్తవం: తలదాచుకున్న మాట నిజం. 878 జనవరిలో వైకింగ్ నాయకుడు గుత్రమ్ సేన వెసెక్స్‌లోని చిప్పెన్‌హామ్ మీద పడితే సోమర్సెట్ చిత్తడి నేలల్లోకి పారిపోయాడు. కానీ ఆయన కొలువులో ఉండి జీవితచరిత్ర రాసిన ఆసర్ రొట్టెల ఊసే ఎత్తలేదు. రాజు పోయాక పుట్టిన కథ అది.

అపోహ: ఎడింగ్టన్ యుద్ధంతో వైకింగ్‌ల పీడ విరగడైంది.
వాస్తవం: ఆ మే నెలలోనే ఎడింగ్టన్‌లో గెలిచి, గుత్రమ్‌కు బాప్తిస్మం ఇప్పించి, తానే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అయినా 892లో మరో పెద్ద దండు దిగింది. ఈసారి వెసెక్స్ చెదరలేదు. మధ్యలో బుర్హ్‌లు, అంటే గోడలున్న కోట ఊళ్లు, లేచాయి. సైన్యంలో సగం మంది ఇంటి దగ్గర, సగం మంది కొలువులో ఉండేలా వంతులు వేశాడు. గోడ కాపలాకు వేరే మనుషులు.

ఎంతమంది? ఆయన కొడుకు కాలం నాటి జాబితా ఒకటి ఉంది. ఒక హైడ్ (ఒక కుటుంబానికి సరిపడే భూమి) కు ఒక మనిషి, ఒక పోల్ గోడకు, అంటే సుమారు 5 మీటర్లకు, నలుగురు. వించెస్టర్‌కు 2,400 హైడ్‌లు రాశారు. నాలుగుతో భాగిస్తే 600 పోల్‌లు, దాదాపు 3 కిలోమీటర్లు. అక్కడి రోమన్ గోడ చుట్టుకొలతా ఇంచుమించు అంతే! ఈ భాగహారం బోర్డు మీద వేసిన రోజు వెనక బెంచీ కూడా తల ఎత్తుతుంది.

అపోహ: ఇంగ్లండ్ నౌకాదళానికి ఆద్యుడు ఆయనే.
వాస్తవం: 851లోనే ఆయన అన్న అథెల్‌స్టాన్ శాండ్‌విచ్ దగ్గర ఓడల మీద పోరాడాడు. ఆల్‌ఫ్రెడ్ 896లో డేన్‌ల (వైకింగ్‌ల) ఓడలకు దాదాపు రెట్టింపు పొడవున్న ఓడలు చేయించిన మాట నిజమే. తొలి పోరులోనే అవి బురదలో కూరుకుపోయాయి! సముద్రపు పోటు ముందుగా డేన్‌ల ఓడల్ని లేపింది, వాళ్లు తెడ్లేసుకుని జారుకున్నారు. గాయాలతో సస్సెక్స్ తీరం దాటలేక వాళ్ల రెండు ఓడలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాటిలోని వాళ్లను వించెస్టర్‌కు తెప్పించి ఉరి తీయించాడు.