టైమ్ ఫ్రీజ్ వెబ్‌సైట్లు: నాకు రోజూ ఎదురయ్యే అపోహలు - వాస్తవాలు

మొన్న ఒక పెళ్ళి ఫోటోగ్రాఫర్ ఫోన్ చేశాడు. "అన్నా, తలంబ్రాలు గాల్లో అలా ఆగిపోయి ఉండాలి, సైట్‌లో వేలితో అటూ ఇటూ లాగితే జంట చుట్టూ తిరిగి చూడగలగాలి, నా దగ్గర 360 బూత్ ఉంది కదా, దాంతో లాగించేద్దామా" అన్నాడు. ఇలాంటి సైట్లు కట్టడమే నా పని కాబట్టి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది, అందుకే అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

అపోహ: 360 బూత్‌తో టైమ్ ఆపేయొచ్చు

అవ్వదు. బూత్‌లో ఉండేది ఒక్క కెమెరా, అది చుట్టూ తిరిగొచ్చేలోపు గింజలన్నీ కిందపడిపోతాయి. స్లో మోషన్‌లో టైమ్ నెమ్మదిస్తుంది అంతే, ఆగదు. ఆగాలంటే ఒకే క్షణాన్ని చాలా చోట్ల నుంచి ఒకేసారి పట్టుకోవాలి. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ పరిగెత్తే గుర్రం దారి పక్కన 12 కెమెరాలు వరసగా పెట్టి ఒకదాని తర్వాత ఒకటి క్లిక్ అయ్యేలా చేశాడు, ఆ ఫోటోలు వరసగా చూస్తే గుర్రం పరిగెడుతుంది. అదే వరసని ఒకేసారి నొక్కామనుకోండి, గుర్రం ఆగిపోతుంది, మనం కదులుతాం. మొత్తం కిటుకు ఇదే, మిగతాదంతా దీన్ని సరిగ్గా చేయడానికి పడే తిప్పలు.

అపోహ: వందకి పైగా కెమెరాలు ఉంటే తప్ప కుదరదు

ఇది 1999లో వచ్చిన మ్యాట్రిక్స్ సినిమా వల్ల పడిపోయిన ముద్ర, అందులో బుల్లెట్లు తప్పించుకునే షాట్‌కి 120 స్టిల్ కెమెరాలు వాడారు నిజమే. కానీ అది థియేటర్ తెర కోసం. మన సైట్ చూసేవాళ్ళు ఫోన్‌లో చూస్తారు, వేలు ఈ చివర నుంచి ఆ చివరకి లాగితే మహా అయితే 360 పిక్సెళ్ళు. 24 కెమెరాలు 120 డిగ్రీల వంపులో పెడితే ఒక్కో కెమెరాకి మధ్య 5 డిగ్రీల పైచిలుకు తేడా వస్తుంది, ఆ సందుల్లో రెండేసి ఫ్రేమ్‌లు సాఫ్ట్‌వేర్‌తో పుట్టిస్తే మొత్తం 70 అవుతాయి, అంటే దాదాపు ప్రతి 5 పిక్సెళ్ళకి ఒక ఫ్రేమ్, వేలికి మెత్తగానే తగులుతుంది.

కాకపోతే తలంబ్రాల దగ్గర ఇది దెబ్బకొడుతుంది. చీర అంచు, ముఖం లాంటివి సాఫ్ట్‌వేర్ బాగానే పోల్చుకుంటుంది గానీ పసుపు బియ్యం గింజలు వందల్లో ఉండి అన్నీ ఒకేలా ఉంటే ఈ ఫ్రేమ్‌లో ఉన్న గింజ పక్క ఫ్రేమ్‌లో ఏదో దానికి తెలియదు, మధ్యలో పుట్టించిన ఫ్రేమ్‌లో గింజలు దయ్యాల్లా సగం సగం కనిపిస్తాయి. అందుకని ఇలాంటి వాటికి వంపు తగ్గించుకుంటాను, అవే 24 కెమెరాలు 70 డిగ్రీల్లో సర్దితే మధ్య తేడా 3 డిగ్రీలకి వస్తుంది, గింజలు నిలబడతాయి. చుట్టూ తిరగడం కన్నా గింజ గింజలా కనిపించడమే ముఖ్యం అని నా అభిప్రాయం.

అపోహ: బోలెడు కెమెరాల వరస లేకుండా అస్సలు అవ్వదు

అవుతుంది! ఫిలిప్స్ టీవీ కోసం 2009లో ఆడమ్ బెర్గ్ తీసిన కరోసెల్ అనే యాడ్ ఫిల్మ్ వెతికి చూడండి. దొంగలు, పోలీసులు, గాల్లో ఎగిరే నోట్లు, అన్నీ ఆగిపోయి ఉంటే కెమెరా మధ్యలోంచి వెళ్తుంది. అక్కడ నటులు, స్టంట్ వాళ్ళు నిజంగానే కదలకుండా ఉన్నారు, వాళ్ళని పట్టి ఉంచిన సరంజామా తర్వాత చెరిపేశారు. ఫిలిప్స్ సైట్‌లో ఆ ఫిల్మ్ చివర, మొదలు కలిసిపోయి అలా తిరుగుతూనే ఉండేది, మధ్యలో కొన్ని చోట్ల నొక్కితే ఆ షాట్ ఎలా తీశారో తెర వెనక మనుషులే చెప్పేవాళ్ళు. యాడ్స్‌కి ఇచ్చే కాన్ లయన్స్ అవార్డుల్లో ఫిల్మ్ గ్రాండ్ ప్రీ వచ్చింది దానికి. మనిషి కదలకుండా నిలబడగలడు, బియ్యం గింజ నిలబడదు, ఏ పద్ధతి ఎంచుకోవాలో అక్కడే తేలిపోతుంది.

అపోహ: ఒక్క రిమోట్ నొక్కితే అన్ని కెమెరాలూ ఒకే క్షణంలో తీస్తాయి

అన్నీ ఒకే మోడల్ అయినా సరే, బటన్ సిగ్నల్ అందాక షట్టర్ తెరుచుకోవడానికి ఒక్కోటి కాస్త అటూ ఇటూగా టైమ్ తీసుకుంటుంది, కొన్ని మిల్లీసెకన్లే. అదెంత అనిపిస్తుంది కదా, లెక్కేయండి: అర మీటరు కిందపడిన గింజ వేగం సెకనుకి 3 మీటర్ల పైమాట, 10 మిల్లీసెకన్ల తేడా వస్తే గింజ 3 సెంటీమీటర్లు జారిపోయినట్టే. వేలితో లాగుతుంటే గింజలు వణుకుతాయి, ఆగిన టైమ్ అన్న భ్రమ అక్కడే పోతుంది.

దీనికి నేను వాడేది పాత పద్ధతే. గది పూర్తిగా చీకటి చేసి అన్ని కెమెరాల షట్టర్లూ రెండు సెకన్లు తెరిచి ఉంచి, ఆ మధ్యలో తలంబ్రాలు పోస్తుండగా ఫ్లాష్ ఒక్కసారి కొడతాను. చీకట్లో కెమెరాలకి ఏమీ కనబడదు, ఫ్లాష్ వెలిగిన ఆ క్షణమే అన్నిట్లోనూ పడుతుంది. కెమెరా మీద పెట్టుకునే రకం ఫ్లాష్‌లో పవర్ తగ్గించేకొద్దీ ఆ వెలుగు ఇంకా పొట్టిగా, సెకనులో కొన్ని వేలవ వంతుకి వస్తుంది, షట్టర్ల తేడాలతో ఇక పనిలేదు. నల్ల బట్ట వెనక కట్టాలి, ఫ్లాష్ పైనుంచి కొట్టాలి, లేకపోతే ఎదుటి చివరి కెమెరాలో అదే కనిపిస్తుంది.

ఒక మాట, ఇది ముహూర్తం టైమ్‌లో పెట్టకండి. మండపంలో చీకటి చేయలేం, చేయనూ కూడదు, పెద్దవాళ్ళు అక్షింతలు పట్టుకుని నిలబడి ఉంటే మనం స్టాండ్లు సర్దుకోవడం పద్ధతి కాదు. మర్నాడు జంటని విడిగా పిలిచి తీయండి.

అపోహ: తీశాక ఇక వరసగా పేర్చడమే

సగం పని ఇక్కడే ఉంది. ట్రైపాడ్ ఎంత జాగ్రత్తగా పెట్టినా ఒక కెమెరా కొంచెం వంగి, ఇంకోటి కొంచెం పైకి ఉంటుంది, ఉన్నదున్నట్టు పేరిస్తే మట్టి రోడ్డు మీద ఆటో ఎక్కినట్టే. షూట్‌కి ముందు జంట నిలబడే చోట మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే దారం, గుండు వేలాడదీసి, దారం మీద రెండు ముడులు వేసి అన్ని కెమెరాలతో ఒక ఫోటో తీసుకోండి. తర్వాత ఆ రెండు ముడులూ అన్ని ఫోటోల్లోనూ ఒకే చోట పడేలా తిప్పి, పెంచి, జరిపితే చాలు. వైట్ బ్యాలెన్స్ (రంగులు సరిచేసే సెట్టింగ్), ఫోకస్ మాన్యువల్‌లో లాక్ చేయాలి, ఆటోలో వదిలేస్తే పసుపు చీర ఒక్కో ఫ్రేమ్‌లో ఒక్కో రంగు.

అపోహ: వీడియో చేసి పేజీలో పెట్టేస్తే చాలు

ప్లే చేయడానికైతే చాలు, వేలితో లాగడానికి చాలదు. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు, అక్కడక్కడా పూర్తి బొమ్మ ఉన్న కీఫ్రేమ్ ఉంటుంది, మధ్యలోవి ముందు ఫ్రేమ్ కన్నా ఏం మారిందో మాత్రమే దాచుకుంటాయి. వీడియో కుదించడానికి ఎక్కువమంది వాడే ఎక్స్264 సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌లో కీఫ్రేమ్‌ల మధ్య దూరం 250 ఫ్రేమ్‌ల దాకా ఉండొచ్చు, మన క్లిప్పే 70 ఫ్రేమ్‌లు, అంటే మొదటిదొక్కటే కీఫ్రేమ్ అయ్యే అవకాశం ఎక్కువ. వేలు వెనక్కి లాగిన ప్రతిసారీ బ్రౌజర్ మొదటి నుంచి లెక్కగట్టుకుంటూ రావాలి, అందుకే ఇరుక్కుంటుంది. ప్రతి ఫ్రేమూ కీఫ్రేమ్ చేసి ఎన్‌కోడ్ చేయండి, సైజు పెరుగుతుంది, లేదా ఫోటోలుగానే పెట్టి కాన్వాస్ (పేజీలో కోడ్‌తో బొమ్మ గీసే చోటు) మీద గీయించండి.

అపోహ: ఫోటో 200 కేబీయే కదా, ఫోన్‌కి బరువేం కాదు

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. ఒక చీరల షాపు సైట్‌కి కొంగు గాల్లో ఆగినట్టు చేశాను, నా కంప్యూటర్‌లో అద్భుతంగా తిరిగింది, షాపు ఓనర్‌గారు తన ఫోన్‌లో తెరిస్తే పేజీ తెల్లబోయి మళ్ళీ మొదటి నుంచి లోడ్ అయింది, మూడుసార్లు. 200 కేబీ అనేది డౌన్‌లోడ్ బరువు, తెర మీదకి రావాలంటే విప్పాలి, 1920 ఇంటూ 1080 ఇంటూ 4 బైట్లు, ఒక్క ఫోటోకి 8.3 ఎంబీ. 70 ఫోటోలకి 580 ఎంబీ! ఏ చిన్న ఫోన్ మోస్తుంది? ఆ రాత్రే ఫోన్లకి 540 ఇంటూ 960 సైజు విడిగా చేశాను, 145 ఎంబీకి దిగింది, ఆగకుండా తిరిగింది. అప్పట్నుంచి షూట్ కన్నా ముందే పాత ఫోన్‌లో ఉత్త నంబర్లు రాసిన ఫ్రేమ్‌లు పెట్టి లాగి చూస్తున్నా.

లోడ్ చేసే వరస కూడా ముఖ్యం. 1, 2, 3 అని కాకుండా ముందు ప్రతి ఎనిమిదోదీ తెప్పించి లాగడానికి ఇచ్చేయండి, మధ్యలోవి వెనకాల వచ్చి నిండుతాయి, నెట్ నెమ్మదిగా ఉన్నా మనిషి ఎదురుచూస్తూ కూర్చోడు. నిలువుగా జరిపితే పేజీ కదలాలి, అడ్డంగా లాగితేనే బొమ్మ తిరగాలి, ఇది మర్చిపోతే మా అమ్మలాంటి వాళ్ళు బొమ్మ దగ్గరే ఇరుక్కుపోతారు. కదలికతో కళ్ళు తిరిగేవాళ్ళు ఫోన్ సెట్టింగ్‌లో తగ్గించమని పెట్టుకుంటారు, వాళ్ళకి దానంతటదే తిరగడం ఆపేయండి.

అపోహ: ఇప్పుడు గాసియన్ స్ప్లాటింగ్ వచ్చింది, ఇవన్నీ పాతబడ్డాయి

2023లో వచ్చిన ఆ పద్ధతి నాకూ ఇష్టమే, ఫోటోల నుంచి సీన్ మొత్తం కట్టేస్తుంది, కెమెరా లేని చోటు నుంచి కూడా చూడొచ్చు. కానీ కదిలే దాన్ని ఆపాలంటే దానికీ ఒకే క్షణంలో తీసిన ఫోటోలే కావాలి, చీకటి గది, ఫ్లాష్, దారం, గుండు ఎక్కడికీ పోవు.

ఆ ఫోటోగ్రాఫర్ తమ్ముడికి ఇదంతా ఫోన్‌లో గంటసేపు చెప్పాను. వచ్చే ఆదివారం వాళ్ళ స్టూడియోలో కిటికీలకి నల్ల బట్ట కట్టి, అద్దెకి తెచ్చిన 12 కెమెరాలతో ట్రయల్ వేస్తున్నాం, 2 కిలోల బియ్యానికి పసుపు పట్టించి ఉంచమన్నా.