ఆరు నెలల గడువు: 1994లో పోయింది, మళ్లీ ఎలా వచ్చింది?

రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లు పరిహారం కావాలంటే ఆరు నెలల్లోగా మోటారు ప్రమాదాల పరిహార ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. ఆ తర్వాత వస్తే తీసుకోరు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ చెప్పేది ఇదే. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ గడువు న్యాయమేనా, రాజ్యాంగానికి నిలుస్తుందా అన్న ప్రశ్న సుప్రీంకోర్టుకు చేరింది. అది తేలేదాకా గడువు దాటిందన్న కారణంతో క్లెయిములను కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అప్పటి నుంచి కోర్టు వరండాల్లో మళ్లీ ఇదే చర్చ.

థర్డ్ పార్టీ బీమా, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి చేయించే బీమా, ఎందుకు తప్పనిసరి, ట్రిబ్యునల్ అంటే ఏమిటి అన్నవి బండి నడిపేవాళ్లందరికీ తెలిసినవే. వాటిని పక్కన పెడదాం. ఈ వివాదం అర్థం కావాలంటే చూడాల్సింది 1994 సంవత్సరాన్ని.

ఆ ఏడాది నవంబరు 14న అమల్లోకి వచ్చిన సవరణ బాధితులకు రెండు మేళ్లు చేసింది. మొదటిది, ప్రమాదం ఎక్కడ జరిగినా తాను నివసించే చోటే పిటిషన్ వేసుకోవచ్చు. పాలమూరు నుంచి ముంబయికి కూలికి వెళ్లి అక్కడ లారీ కింద కాలు పోగొట్టుకున్న మనిషి కేసు కోసం మళ్లీ ముంబయి రైలెక్కనక్కర్లేదు, మహబూబ్‌నగర్‌లోనే పిటిషన్ వేసుకోవచ్చు. రెండోది, గడువును పూర్తిగా ఎత్తేసింది. ఆరు నెలలన్న మాట చట్టంలోంచి పోయింది. ఎప్పుడు వచ్చినా ట్రిబ్యునల్ వినాల్సిందే.

పార్లమెంటు అంత దూరం ఎందుకు వెళ్లిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 1956లో ట్రిబ్యునళ్ల ఏర్పాటు చట్టంలోకి వచ్చినప్పుడు గడువు అరవై రోజులే. అది చాలదని 1969లో ఆరు నెలలు చేశారు. కానీ అప్పటి చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే, ఎంత ఆలస్యమైనా ట్రిబ్యునల్ మన్నించి పిటిషన్ తీసుకోవచ్చు. 1988 చట్టం వచ్చాక ఆ వెసులుబాటు కుదించుకుపోయింది. గడువు ఆరు నెలలు, కారణం చూపిస్తే మహా అయితే ఏడాది. ఆ తర్వాత కారణం ఎంత గట్టిదైనా ట్రిబ్యునల్ చేతులు కట్టేసినట్టే.

ఆ కట్టు ఎలా బిగుసుకుందో 1996లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసు చూపిస్తుంది. ప్రమాదం 1990 డిసెంబరులో జరిగింది. గాయపడిన మనిషి 1991 సెప్టెంబరు చివరిదాకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నానని చెప్పుకున్నాడు. డిసెంబరులో పిటిషన్ వేసేసరికి ఏడాది గడువు కొద్ది రోజుల తేడాతో దాటిపోయింది. పది నెలలు ఆసుపత్రిలో ఉన్న మనిషికి కొద్ది రోజులు ఆలస్యమైందని ట్రిబ్యునల్ తలుపు మూసింది. సుప్రీంకోర్టు ఆ తలుపు తెరిచింది. గడువు గురించి ఎక్కువమంది బాధితులకు తెలియనే తెలియదని, సంపాదించే మనిషి పోతే కుటుంబం వీధిన పడుతుందని, బతికి బయటపడ్డవాళ్లలో కొందరు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లోనే ఉంటారని కోర్టు గుర్తుచేసింది. గడువు పెట్టడం కఠినమనీ, చాలా కేసుల్లో అన్యాయానికి దారితీస్తుందనీ గ్రహించే పార్లమెంటు దాన్ని తీసేసిందని చెప్పింది. అప్పటికి పెండింగులో ఉన్న కేసులకు కూడా ఆ మేలు దక్కాలంది.

1994లో పార్లమెంటు, 1996లో సుప్రీంకోర్టు ఒకే మాట చెప్పాయన్నమాట. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా ఆ మాట మీదే దేశంలోని ట్రిబ్యునళ్లు నడిచాయి.

ఇదే తీర్పులో ఇవాళ చాలామంది పట్టించుకోని ఇంకో ముక్క ఉంది. గడువు దాటిందని కేసు కొట్టేస్తే, దానిమీద పైకోర్టుకు వెళ్లకుండా ఊరుకున్నవాళ్లకు మాత్రం సవరణ పనికిరాదని కోర్టు తేల్చింది. 2022 తర్వాత పిటిషన్ కొట్టేయించుకుని, అప్పీలుకు డబ్బుల్లేక ఇంట్లో కూర్చున్నవాళ్లున్నారు. రేపు తుది తీర్పు బాధితులకు అనుకూలంగా వచ్చినా వీళ్ల సంగతేమిటన్నది తేలాల్సిన విషయం.

గడువు వల్ల ఎక్కువ దెబ్బతినేది గాయపడి బతికినవాళ్లు. చనిపోయిన మనిషి వయసు, ఆదాయం, ఆధారపడినవాళ్లు ఎందరన్నది ప్రమాదం జరిగిన రోజే ఖాయమైపోతాయి. గాయం అలా కాదు. అది నెలల తరబడి నడుస్తూ ఉంటుంది.

మా ఊళ్లో తాపీ మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. వరసకు బాబాయి అవుతాడు. 2023 వానాకాలంలో పని ముగించుకుని రాత్రి బైకు మీద వస్తుంటే వెనక నుంచి లారీ కొట్టింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగి, చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. మొదట కాలి బయట ఇనుప కడ్డీల చట్రం బిగించారు. చీము పట్టింది. మళ్లీ ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. నేను చూడ్డానికి వెళ్లేసరికి ఐదో నెల. వాకర్ పట్టుకుని మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా వచ్చి చెమటలు కక్కాడు. పిన్ని ఆసుపత్రి బిల్లులన్నీ ఒక బట్టల షాపు కవరులో దాచింది. పరిహారం సంగతేంటి బాబాయ్ అనడిగితే, "ముందు కాలు నిలబడితే కదా అబ్బాయ్, కోర్టు మెట్లెక్కేది" అన్నాడు. తొమ్మిదో నెలలో వకీలు దగ్గరికి వెళ్తే ఆయన తేదీ చూసి, ఆరు నెలలు దాటిపోయింది, ఇంకేం చేయలేం అని కవరు వెనక్కిచ్చాడు.

బాబాయి కాలు ఎంత పోయిందో ఐదో నెలలో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. అందుకే వైకల్యం శాతం ఎప్పుడు లెక్కకట్టాలన్నది చట్టంలో పెద్ద ప్రశ్న. 2010లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పులో దీన్ని విడమరచి చెప్పింది. చికిత్స ముగిశాక శాశ్వత వైకల్యం ఎంతో చూడాలి. ఆ శాతాన్ని అలాగే ఆదాయ నష్టం శాతంగా తీసుకోకూడదు. ఆ మనిషి ఏం పని చేసేవాడో, ఇప్పుడు ఏం చేయగలడో చూడాలి. కోర్టు ఇచ్చిన ఉదాహరణ ఇవాళ్టికీ ట్రిబ్యునళ్లలో వినిపిస్తుంది. ఎడమ చెయ్యి పోతే వైకల్యం అరవై శాతం దాకా అనుకుందాం. అతను డ్రైవరో వడ్రంగో అయితే సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టే. ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా అయితే ఉద్యోగం పోకపోవచ్చు. మా బాబాయి లాంటి మనిషికి ఈ లెక్కే ప్రాణం. ప్రభుత్వం ఇచ్చే సదరం వైకల్య సర్టిఫికెట్‌లో ఎంత శాతం రాసినా, పరంజా ఎక్కలేని మేస్త్రీకి పని పోయినట్టే.

అంతకుముందు 2002లోనే, బాధితుడు పిటిషన్‌లో తక్కువ అడిగినా న్యాయంగా రావాల్సింది ఎక్కువైతే ట్రిబ్యునల్ ఆ ఎక్కువే ఇవ్వొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. నొప్పికి, తోడు ఉన్న మనిషి ఖర్చుకు, ముందుముందు చేయించుకోవాల్సిన వైద్యానికి విడివిడిగా లెక్కలు వచ్చాయి. అంటే లోపలికి వెళ్లినవాళ్లకు ఇచ్చే న్యాయం ఏళ్లు గడిచేకొద్దీ మెరుగుపడింది. అదే సమయంలో లోపలికి వెళ్లే దారి ఇరుకైపోయింది.

ఆ ఇరుకు ఎలా వచ్చిందో చూద్దాం. 2016లో పార్లమెంటులో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు మొదటి రూపంలో థర్డ్ పార్టీ పరిహారానికి ఏకంగా పరిమితి పెట్టారు. మరణానికి పది లక్షలు, తీవ్ర గాయానికి ఐదు లక్షలు. దానిమీద గట్టిగా వ్యతిరేకత వచ్చి అది పోయింది. ఆ పోరాటంలో గడువు నిబంధన మీద పెద్దగా చూపు పడలేదు. ఆ బిల్లు మురిగిపోయి, మళ్లీ 2019లో కొత్తగా వచ్చి ఆగస్టులో చట్టమైంది. అప్పుడు టీవీల్లో, పేపర్లలో, టీకొట్ల దగ్గర మాట్లాడిందంతా జరిమానాల గురించే. హెల్మెట్ లేకపోతే ఎంత, తాగి నడిపితే ఎంత. ఆరు నెలల సంగతి మాట్లాడినవాళ్లు తక్కువ. పరిహారానికి సంబంధించిన అధ్యాయాలు వెంటనే అమల్లోకి రాలేదు కూడా. 2022 ఏప్రిల్ 1న వచ్చాక, పిటిషన్లు వెనక్కి రావడం మొదలయ్యాకే జనానికి తెలిసింది.

వచ్చినది 1988 నాటి గడువు కూడా కాదు. అప్పుడు కారణం చూపిస్తే ఏడాది దాకా అవకాశం ఉండేది. 1969 చట్టంలోనైతే కారణం ఉంటే అంతూపొంతూ లేదు. 2019 సవరణలో ఆరు నెలలు అన్న మాట ఉందిగానీ, ఆలస్యాన్ని మన్నించే మాట లేదు. యాభై ఏళ్ల కిందటి చట్టం మంచం మీదున్న మనిషికి ఇచ్చిన పాటి అవకాశం ఇవాళ్టి చట్టం ఇవ్వలేదు. ఈ ఒక్క పోలికే వివాదంలో సగం తేలుస్తుందని నా నమ్మకం.

బీమా కంపెనీల వాదన కూడా ఉంది. ఏళ్ల తర్వాత వచ్చే క్లెయిముల్లో సాక్షులు దొరకరు, బండి దొరకదు, ప్రమాదం చేయని బండిని తెచ్చి పెడతారు అంటాయి. నకిలీ క్లెయిములు ఉన్న మాట నిజమే. ఉత్తరప్రదేశ్‌లో వాటి మీద హైకోర్టు ఆదేశంతో 2015లో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని (సిట్) వేయాల్సి వచ్చింది. కానీ దొంగ క్లెయిము వేసేవాడు ఆరు నెలల్లోపే వేసుకుంటాడు. వాడికి కాలు విరిగి ఉండదు.

ప్రభుత్వం వైపు నుంచి వచ్చే జవాబు ఇంకాస్త బరువైనది. బాధితుడు కోర్టుకు పరుగెత్తనక్కర్లేకుండా కొత్త ఏర్పాటు చేశామంటుంది. 2022 ఏప్రిల్ నుంచే అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ప్రమాదం సంగతి తెలిసిన 48 గంటల్లో పోలీసులు మొదటి రిపోర్టు ట్రిబ్యునల్‌కు, బీమా కంపెనీకి పంపాలి. 50 రోజుల్లో మధ్యంతర రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి వివరాల రిపోర్టు పంపాలి. ఆ రిపోర్టునే ట్రిబ్యునల్ పరిహార పిటిషన్‌గా తీసుకోవాలని చట్టంలోనే ఉంది. దర్యాప్తు అధికారి పది రోజుల్లోగా బాధితుడికి తన హక్కులేమిటో చెప్పే ఫారం కూడా ఇవ్వాలి. ఢిల్లీ హైకోర్టు ఒక కేసులో ఏళ్ల తరబడి కూర్చి రూపొందించిన పద్ధతి ఇది, మంచి పద్ధతి. 2022 డిసెంబరు 15న సుప్రీంకోర్టు దీన్ని దేశమంతా అమలు చేయాలని, పోలీస్‌స్టేషన్లలో దీనికోసం ప్రత్యేక యూనిట్లు పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది.

అమలు చేయమని సుప్రీంకోర్టు విడిగా ఆదేశించాల్సి వచ్చిందంటేనే క్షేత్రంలో సంగతి తెలుస్తుంది. గడువు, పోలీసు రిపోర్టు ఒకే రోజు అమల్లోకి వచ్చిన జంట. రిపోర్టు 90 రోజుల్లో వెళ్లిపోతే ఆరు నెలల గడువు ఎవరినీ బాధించదు, ఎందుకంటే క్లెయిము అప్పటికే ట్రిబ్యునల్‌లో ఉంటుంది. రిపోర్టు వెళ్లకపోతే? పోలీసుల మీద చర్య అన్నది తర్వాతి మాట. బాధితుడి హక్కు మాత్రం ఆరు నెలలు నిండిన రోజే పోతుంది. గడువు తప్పిందెవరు, శిక్ష ఎవరికి?

బాబాయి కేసులో ఎఫ్‌ఐఆర్ ఉంది. లారీ నంబరు ఉంది. ఛార్జిషీటు కూడా వేశారు. హక్కుల ఫారం మాత్రం ఆయనకు అందలేదు. అలాంటిది ఒకటుంటుందని నేను చెప్పేదాకా తెలియదు. రిపోర్టు ట్రిబ్యునల్‌కు వెళ్లిందో లేదో చెప్పినవాళ్లూ లేరు.

మధ్యంతర ఉత్తర్వు వచ్చాక నేను ఫోన్ చేసి చెప్పాను. ఇది తుది తీర్పు కాదు బాబాయ్, కానీ ఇప్పుడు వేస్తే గడువు పేరు చెప్పి కొట్టేయరు అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. పిన్నిని పిలిచి అటక మీది కవరు దించమన్నాడు. డిశ్చార్జి కాగితాలు బాగానే ఉన్నాయట. ఎక్స్‌రే ఫిల్ములు రెండు ఒకదానికొకటి అంటుకుపోయాయట. సోమవారం స్టేషన్‌కు వెళ్లి ఛార్జిషీటు కాపీ, రిపోర్టు సంగతి అడుగుతానన్నాడు. ఆటో మాట్లాడుకోమన్నాను. స్టేషన్‌కు ఏడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి మా తమ్ముడిని తీసుకెళ్తానన్నాడు.