మాట నెట్‌కు మారింది, నంబరు సిమ్‌తోనే ఉంది

2025 నవంబరు 28న కేంద్ర టెలికాం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్, అరట్టై వంటి సేవల నిర్వాహకులకు ఒక ఆదేశం పంపింది. ఏ నంబరుతో ఖాతా తెరిచారో ఆ సిమ్ అదే ఫోనులో ఉన్నంతవరకే యాప్ పనిచేయాలని, ఇందుకు 90 రోజుల్లో ఏర్పాట్లు చేసుకోవాలని, కంప్యూటరులో తెరిచిన వెబ్ ఖాతా ఆరు గంటలకు మించి తెరిచి ఉండకూడదని ఆ ఆదేశంలో ఉంది. విదేశాల నుంచి భారతీయ నంబర్లతో సాగుతున్న సైబర్ మోసాలను, ముఖ్యంగా వీడియో కాల్‌లో పోలీసులమని బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ తరహా దోపిడీని అరికట్టడానికే ఈ చర్య అని ప్రభుత్వం చెప్పింది. అయితే, దుబాయిలో అక్కడి సిమ్ వేసుకుని ఊరి నంబరు వాట్సాప్‌తోనే ఇంటికి సందేశాలు పంపే జగిత్యాల కార్మికుడికీ, ఆరు నెలల పాటు అమెరికాలో పిల్లల దగ్గర ఉండివచ్చే తల్లిదండ్రులకూ ఇది నేరుగా తగిలే విషయం. మాట పూర్తిగా ఇంటర్నెట్‌కు మారిపోయాక కూడా నంబరు మాత్రం సిమ్‌ను ఎందుకు వదలలేదో తెలియాలంటే ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1995 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌కు చెందిన వోకల్‌టెక్ సంస్థ, రెండు కంప్యూటర్ల మధ్య ఇంటర్నెట్ మీదుగా మాట్లాడుకునే సాఫ్ట్‌వేర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. గొంతును చిన్నచిన్న డేటా ప్యాకెట్లుగా విడగొట్టి పంపి, అవతలి వైపు మళ్లీ ధ్వనిగా కూర్చడమే దాని కిటుకు. ఈనాటి వాట్సాప్ కాల్‌కూ మూలసూత్రం అదే. అదే ఏడాది జులై 31న కలకత్తా నుంచి ముఖ్యమంత్రి జ్యోతిబసు కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడటంతో మన దేశంలో మొబైల్ సేవలు మొదలయ్యాయి. ఆగస్టు 15న ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ సాధారణ ప్రజలకు ఇంటర్నెట్‌ను అందించింది. అంటే మొబైల్ ఫోనూ, దానికి పోటీ కాగల ఇంటర్నెట్టూ మన దగ్గర పదిహేను రోజుల తేడాతో పుట్టాయి. వాటిలో ఒకదానికి మాట్లాడే హక్కు పుట్టుకతోనే దక్కింది. రెండోదానికి దక్కలేదు.

కారణం ఆదాయం. అంతర్జాతీయ కాల్స్ మీద విదేశ్ సంచార్ నిగమ్‌కు గుత్తాధిపత్యం ఉండేది. ఎస్టీడీ బూత్‌లో ఎర్రటి అంకెలు పరుగెడుతుంటే గుండె దడతో మాట్లాడి, అసలు విషయం చెప్పకముందే ఫోన్ పెట్టేసిన తరానికి ఆ ధరల బరువును వివరించనక్కర్లేదు. ఆ రాబడికి గండి పడకూడదని 1998లో ప్రైవేటు ఇంటర్నెట్ సంస్థలకు తలుపులు తెరిచిన విధానంలోనే ఇంటర్నెట్ టెలిఫోనీని, అంటే నెట్ మీదుగా మాట్లాడటాన్ని, నిషేధించారు. సాంకేతికత చేతిలో ఉండగా, విదేశాల్లో బిడ్డలున్న కుటుంబాల నుంచి ఏళ్ల తరబడి నిమిషాల లెక్కన డబ్బు గుంజడం అన్యాయమనే నా అభిప్రాయం.

ఆ గుత్తాధిపత్యం ముగిశాక, 2002 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి వచ్చింది. కానీ అది సగం అనుమతి. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు ఎక్కడికైనా మాట్లాడవచ్చు, కంప్యూటర్ నుంచి విదేశాల్లోని ఫోనుకూ చేయవచ్చు, దేశంలోని ఫోనుకు మాత్రం చేయకూడదు. హైదరాబాద్ నెట్ సెంటరులో హెడ్‌ఫోన్ పెట్టుకున్న మనిషి చికాగోలోని ఇంటి ఫోనును మోగించగలడు గానీ, వరంగల్‌లోని సొంత ఇంటి ఫోనును మోగించలేడు. ఈ గీతను చెరిపేయాలని 2008లో నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసినా ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఈ గీత వెనుక ఉన్న లెక్క ముగింపు రుసుముది. ఒక నెట్‌వర్క్ నుంచి వచ్చిన కాల్‌ను తన వినియోగదారుడికి చేర్చినందుకు రెండో నెట్‌వర్క్ నిమిషానికి ఇంత అని వసూలు చేస్తుంది. దేశంలోపలి కాల్స్‌కు ఇది 2015లో 14 పైసలు, 2017 అక్టోబరు నుంచి 6 పైసలు, 2021 జనవరి 1 నుంచి సున్నా. విదేశాల నుంచి వచ్చే కాల్స్‌కు మాత్రం 2015లో 53 పైసలుగా నిర్ణయించి, 2018లో 30 పైసలకు తగ్గించారు. ఈ రెండు ధరల మధ్య ఉన్న అంతరమే దొంగ ఎక్స్ఛేంజీలకు పెట్టుబడి అయింది. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ మీదుగా రప్పించి, పదుల కొద్దీ సిమ్‌లు అమర్చిన పెట్టెలోంచి స్థానిక కాల్‌గా బయటికి పంపితే రుసుము ఎగ్గొట్టవచ్చు. గల్ఫ్ నుంచి వచ్చిన కాల్‌కు తెర మీద ఎవరిదో తెలియని మన పదంకెల నంబరు కనిపించిందంటే చాలాసార్లు కారణం ఇదే.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక నిషేధాలకు అర్థం లేకుండా పోయింది. 2003లో మొదలైన స్కైప్ కంప్యూటర్‌కు అలవాటు చేసిన పనిని వాట్సాప్ 2015లో జేబులోకి తెచ్చింది. అంతకు ముందే, 2014 డిసెంబరులో, ఇంటర్నెట్ కాల్స్‌కు విడిగా డేటా ధర వసూలు చేస్తామని ఎయిర్‌టెల్ ప్రకటించి, వ్యతిరేకత రావడంతో రోజుల వ్యవధిలోనే వెనక్కి తగ్గింది. ఇలాంటి యాప్ సేవలను నియంత్రించాలా అని 2015 మార్చిలో ట్రాయ్ సంప్రదింపుల పత్రం విడుదల చేసినప్పుడు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెల్లువెత్తాయి. వాడే సేవను బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టకూడదని 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ నిబంధన తెచ్చింది. ఆ సెప్టెంబరులో వచ్చిన జియోకు 2జీ, 3జీ నెట్‌వర్కులే లేవు. దాని మామూలు ఫోన్ కాల్ కూడా ప్యాకెట్లుగానే ప్రయాణిస్తుంది. అంటే 4జీలో సెల్ కాల్‌కూ నెట్ కాల్‌కూ మధ్య సాంకేతికంగా గోడ దాదాపు కూలిపోయింది. తేడా అంతా ఆ ప్యాకెట్లకు ఎవరు హామీ ఇస్తారన్నదే. ఆపరేటర్ తన కాల్‌కు నెట్‌వర్క్‌లో ప్రాధాన్యం ఇస్తాడు, అత్యవసర నంబరు 112కు కలుపుతాడు. వాట్సాప్ నుంచి 112కు చేయలేము. అమెరికాలో ఫోన్ నెట్‌వర్కుతో కలిసే ఇంటర్నెట్ కాలింగ్ సంస్థలు అక్కడి అత్యవసర నంబరు 911 సదుపాయం ఇవ్వాల్సిందేనని 2005లోనే నిబంధన పెట్టారు. సెల్ ఫోన్ పూర్తిగా మానేద్దామనుకునేవారు ముందుగా ఆలోచించవలసింది ఈ విషయమే.

2018 జూన్‌లో చివరి అడ్డూ తొలగింది. లైసెన్సు ఉన్న సంస్థ యాప్ ద్వారా దేశంలోని ఏ ఫోనుకైనా కాల్ కలపవచ్చని ప్రభుత్వం చెప్పింది. ఆ మరుసటి నెలలో బీఎస్‌ఎన్‌ఎల్ ‘వింగ్స్’ పేరుతో సిమ్ అవసరం లేని కాలింగ్ సేవను, ఏడాదికి 1,099 రూపాయల రుసుముతో ప్రకటించింది. సిమ్ లేకుండానే సొంత నంబరు! పదేళ్ల ముందు వచ్చి ఉంటే ఇది విప్లవమే అయ్యేది. అప్పటికే కాల్స్ ఉచితమైపోయి, జనం వాట్సాప్‌కు అలవాటు పడిపోయారు.

గల్ఫ్ కథ వేరు. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. యూఏఈలో మాత్రం వాట్సాప్ సందేశాలు వెళ్తాయి, కాల్ కలవదు. 2018 ఆరంభంలో అక్కడ బోటిమ్ వంటి అనుమతి ఉన్న యాప్‌ల కోసం మొబైల్‌లో నెలకు 50 దిర్హామ్‌ల ప్యాక్ పెట్టారు. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ ప్రాంతాల్లో ఎందరో తల్లుల ఫోన్లలో బోటిమ్ కనిపించడానికి కారణం ఆ నిషేధమే.

ఈ ప్రయాణంలో మాట చవకవుతున్న కొద్దీ నంబరు విలువ పెరిగింది. బ్యాంకు ఓటీపీ, ఆధార్, వాట్సాప్ ఖాతా అన్నీ దాని మీదే నిలబడ్డాయి. యూపీఐ అయితే మొదటి నుంచీ బ్యాంకులో నమోదైన సిమ్ ఆ ఫోనులోనే ఉందా అని చూసుకుంటోంది. ప్రవాసులు విదేశీ నంబరుతోనే యూపీఐ వాడుకునే వీలును కొన్ని దేశాల వరకు 2023లో కల్పించారు. సిమ్‌ను గుర్తింపు పత్రంగా వాడటం మొదలుపెట్టాక, ఆ నంబరు ఏ దేశంలో, ఎవరి చేతిలో ఉందని ప్రభుత్వం అడగడం సహజం. కానీ ఊరి సిమ్‌ను కేవలం వాట్సాప్ కోసం రీచార్జి చేస్తూ, రెండో సిమ్‌కు చోటు లేని ఫోనుతో నెట్టుకొస్తున్న వలస కార్మికుడికి యూపీఐ తరహా వెసులుబాటు ఈ యాప్‌లలోనూ ఇవ్వాలి. ఖాతాను అక్కడి నంబరుకు మార్చుకోవచ్చు కదా అనడం సులువే గానీ, ఊళ్లో ప్రతి ఒక్కరూ దాచుకున్నది అతని పాత నంబరునే.