ఇద్దరూ సర్వజ్ఞులైతే మాటలు ఎందుకు కలవవు?

ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు కొండ ఎక్కేవాళ్లలో కొబ్బరికాయలు పట్టుకున్న హిందువులూ కనిపిస్తారు. దసరాకి బెజవాడ అంతా ఇంద్రకీలాద్రి వైపు కదులుతుంది. అదే ఊళ్లో, పటమటలో, 1947 నుంచి నాస్తిక కేంద్రం ఉంది. ఇలాంటి చోట పెరిగినవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం రాకమానదు: పక్కింటివాళ్లు కూడా నా అంత గట్టిగానే ఇంకో దేవుణ్ణి నమ్ముతున్నారే, మరి నాదే నిజమని నేనెలా అనుకోగలను?

ఈ ప్రశ్న చాలా పాతది. బుద్ధుడు సర్వజ్ఞుడైతే సాంఖ్య దర్శనానికి మూలపురుషుడైన కపిలుడు కాడనడానికి ప్రమాణమేమిటి, ఇద్దరూ సర్వజ్ఞులైతే వాళ్ల మాటలు ఎందుకు కలవవు అని అడిగే సంస్కృత శ్లోకం ఒకటుంది. వేదాలనే ప్రమాణంగా తీసుకునే మీమాంస పండితుడు, 7వ శతాబ్దపు కుమారిల భట్టుదని చెబుతారు. బౌద్ధుల మీద ఎక్కుపెట్టిన మాట అది. ఆ తర్వాతి శతాబ్దంలో శాంతరక్షితుడనే బౌద్ధ పండితుడు ఆ శ్లోకాన్ని దాచిపెట్టలేదు. తన గ్రంథంలో పూర్వపక్షంగా రాసుకుని మరీ జవాబిచ్చాడు. అవతలివాడి వాదాన్ని ముందు పూర్తిగా వినిపించే ఆ అలవాటు ఇవాళ మన టీవీ చర్చల్లో కనిపించదు, అది నన్ను బాధపెడుతుంది.

యూరప్‌లో 1748లో తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దాదాపు ఇదే ప్రశ్న ఎత్తాడు: పరస్పరం పొసగని మతాల మహిమలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయన్నాడు. చాలినంత ఆధారం లేకుండా ఏదీ నమ్మకూడదని 1877లో ఇంగ్లండ్ తత్వవేత్త క్లిఫర్డ్ అంటే, ఆధారాలు తేల్చలేని చోట, తప్పించుకోలేని ప్రశ్న ఎదురైతే నమ్మే హక్కు ఉందని 1896లో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ వాదించాడు.

మన దగ్గర ఈ వాదం ఇద్దరు మనుషుల మధ్య నడిచింది. పటమటలోని ఆ నాస్తిక కేంద్రాన్ని 1940లో మొదట కృష్ణా జిల్లా ముదునూరులో పెట్టిన గోరా, ఆ దశాబ్దం మధ్యలో సేవాగ్రామ్ వెళ్లి గాంధీతో కూర్చుని మాట్లాడారు. దేవుడే సత్యమనే మాటను సత్యమే దేవుడని అప్పటికే తిరగేసుకున్న గాంధీ, తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ చెప్పలేనన్నారు. ఇద్దరమూ సత్యాన్ని వెతికేవాళ్లమే అన్నారు. ఆయన నమ్మకం అక్కడ సడలలేదు. తాను పొరబడి ఉండొచ్చని ఒప్పుకుంటూనే నమ్మారు, హేతుబద్ధత అంటే నాకు అదే.

గోరా పెద్దమ్మాయికి దళిత యువకుడితో పెళ్లి కుదిరినప్పుడు, పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు తీసేసి సత్యం పేరు పెడతానని గాంధీ ఒప్పుకున్నారు. 1948 మార్చిలో సేవాగ్రామ్‌లో ఆ పెళ్లి జరిగేనాటికి ఆయన లేరు.