శాలువా కప్పితే ఆదరించినట్టేనా? ఒక నాటకాల కాంట్రాక్టరు చెప్పే అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్లీ అదే ఫోను. "మన ఊరి కళాకారుల్ని మనం కాకపోతే ఎవరు ఆదరిస్తారండీ, రాయబారం సీను పెడదాం, మంచివాళ్లని పంపించండి, ఘనంగా సన్మానం చేస్తాం" అన్నారు ఒక కమిటీ పెద్దాయన. పారితోషికం ఎంత అనుకుంటున్నారండీ అని అడిగితే అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అదేంటండీ, సన్మానం చేస్తున్నాం కదా!" అన్నారు. ఏడాదికి ఇలాంటి ఫోన్లు ఎన్ని వస్తాయో లెక్క పెట్టడం మానేశాను.

నేను తెనాలిలో పద్యనాటకాల కాంట్రాక్టర్ని. రోడ్లేసే కాంట్రాక్టు కాదు. తిరునాళ్లకీ, కమిటీలకీ నటుల్ని కుదర్చడం, హార్మోనిస్టునీ మేకప్ మనిషినీ మాట్లాడటం, డ్రెస్సులు అద్దెకు తేవడం, తెల్లారుజామున అందరూ ఇళ్లకు చేరారో లేదో ఫోన్ చేసి కనుక్కోవడం నా పని.

అపోహ: సన్మానం చేశామంటే కళాకారుణ్ణి ఆదరించినట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే, కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

మా హార్మోనిస్టు బాబాయికి డెబ్బై దాటాయి. ఆయన ఇంటికి వెళితే మంచం మీద బొంతలుంటాయి, రంగురంగుల జరీ అంచులతో. ఏంటి పిన్నీ ఇవి అంటే, అన్నీ సన్మానాల్లో వచ్చిన శాలువాలే, రెండేసి కలిపి కుట్టానంది. "మే నెల ఎండల్లో కప్పుతారు నాయనా, చూసినవాళ్లు మనం చలిదేశంలో ఉన్నామనుకుంటారు" అని నవ్వింది. అందులో ఒకటి నేను దగ్గరుండి కప్పించిందే. ఆ రోజు ఆయన గురించి గంటసేపు గొప్పగా మాట్లాడించాం. ఆయన హార్మోనియం పెట్టె తిత్తి గాలి లీకవుతోందనీ, బాగు చేయించడానికి డబ్బుల్లేక వాయిదా వేస్తున్నాడనీ మాలో ఒక్కరమూ కనుక్కోలేదు. ఆ నెలాఖర్లోనే హరిశ్చంద్ర నాటకం ఒప్పుకున్నాం. పెట్టె పూర్తిగా మొరాయించింది, ఆయన రాలేకపోయాడు. అప్పటికప్పుడు ఆర్కెస్ట్రాలో వాయించే ఒక కుర్రాణ్ణి కీబోర్డుతో కూర్చోబెట్టాను. పిల్లాడు మంచోడే, కానీ కాటి సీనులో హరిశ్చంద్రుడు ఒక శ్రుతిలో ఎత్తుకుంటే వాడు ఇంకో శ్రుతిలో ఉన్నాడు. పద్యం సగంలో నటుడు ఆగిపోయి అటు చూశాడు. వన్స్ మోర్ పడాల్సిన చోట ఈలలు పడ్డాయి. తప్పు ముమ్మాటికీ నాదే.

పద్యనాటకంలో హార్మోనిస్టు అంటే పక్కన కూర్చుని వాయించేవాడు అనుకుంటారు చాలామంది. మా నాటకాలకి చాలాసార్లు రిహార్సలే ఉండదు. కృష్ణుడు నిద్ర నటించే పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, ఒకాయన ఒంగోలు నుంచి వస్తాడు, ఇంకొకాయన గుడివాడ నుంచి వస్తాడు, రంగు పూసుకునేటప్పుడే ఒకరినొకరు పలకరించుకుంటారు, నేరుగా స్టేజీ ఎక్కుతారు. ఎవరి శ్రుతి ఏది, ఎవరు ఎక్కడ రాగం లాగుతారు, ఎవరు ఏ పద్యం వదిలేస్తారు అన్నీ హార్మోనిస్టు బుర్రలో ఉండాలి. ముప్పై నలభై ఏళ్లు వాయిస్తే గానీ రాని విద్య. ఆ మనిషి పెట్టె మూలన పడితే నాటకమూ మూలన పడ్డట్టే.

మైకు పట్టుకున్న ప్రతి వక్తా స్థానం నరసింహారావు గారితో మొదలుపెడతాడు, మన తెనాలి నాటక సమాజం రామవిలాస సభలో ఆడవేషాలు కట్టారు, 1956లో పద్మశ్రీ అందుకున్నారు అని. నిజమే, మాకూ గర్వమే. కానీ ఆ ఉపన్యాసం నడుస్తుండగా తెర వెనక మేకప్ మనిషి నా చొక్కా పట్టుకుని "నా డబ్బులు ఇవ్వాళే ఇస్తారా" అని అడుగుతుంటాడు. ఒక కమిటీ లెక్కలు కళ్లారా చూశాను, ఫ్లెక్సీలకీ అతిథుల మెమెంటోలకీ పెట్టిన ఖర్చు నటులందరికీ కలిపి ఇచ్చినదానికంటే ఎక్కువ.

సన్మానం వద్దనడం లేదు. పేరుపేరునా పిలిచి నలుగురిలో నిలబెడితే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. కానీ ముందు డబ్బుల కవరు, తర్వాత శాలువా. కవరు కూడా రంగు కడుక్కునేలోపే చేతికి అందాలి. "రేపు ఫోన్‌పే చేస్తాం" అన్నవాళ్ల వెనక నేను నెలలు తిరిగాను. ఆడవాళ్లు వేషం కట్టిన నాటకమైతే తిరుగు ప్రయాణానికి కారు కూడా ఒప్పందంలోనే రాసుకోండి, రాత్రి రెండింటికి ఏ బస్సుంటుందండీ?

అపోహ: టికెట్ పెడితే జీఎస్టీ వాళ్లొచ్చి పట్టుకుంటారు.

ఈ ఫార్వర్డు ఎవరు పుట్టించారో గానీ, చిన్న సంఘాల వాళ్లు నిజంగా భయపడుతున్నారు. నాటకం, సంగీత కచేరీ, నృత్య ప్రదర్శన లాంటి వాటికి మనిషికి 500 రూపాయల వరకు ఉన్న టికెట్ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. జానపద, శాస్త్రీయ సంగీత నృత్య నాటక కళాకారుడు ఒక ప్రదర్శనకి తీసుకునే పారితోషికానికీ లక్షన్నర దాకా మినహాయింపే. మా వాళ్లలో లక్షన్నర అడిగేవాడెవడైనా ఉంటే చెప్పండి, దండేసి నేనే తీసుకెళ్తాను. కాబట్టి 50 రూపాయల టికెట్ పెట్టడానికి టెన్షన్ పడకండి. "పాస్ పంపించు తమ్ముడూ" అని అడిగే బంధువులకి మాత్రం ఏ మినహాయింపూ ఇవ్వకండి.

అపోహ: నాటకం మొత్తం ఫోన్లో తీసి యూట్యూబ్‌లో పెడితే ప్రచారం చేసినట్టు.

రెండు నిమిషాలు తీసి, నటుడి పేరు రాసి పెట్టండి, సంతోషిస్తాం. మూడు గంటలూ పెడితే పక్క ఊరి కమిటీ "యూట్యూబ్‌లో చూసేశాం కదా" అంటోంది. పైగా 1957 కాపీరైట్ చట్టం 38వ సెక్షన్ ప్రకారం తన ప్రదర్శన మీద నటుడికి హక్కుంటుంది, అదీ 50 ఏళ్లపాటు. అడిగి తీయండి, అంతే.

అపోహ: వృద్ధ కళాకారుల పెన్షన్ ఏజెంటు లేకుండా రాదు.

దీనికి మాత్రం నాకు నిజంగా కోపం వస్తుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ పథకానికి 60 ఏళ్లు నిండాలి, ఆదాయ పరిమితి ఉంది, కళాకారుడిగా పనిచేసిన ఆధారాలు కావాలి. ఆలస్యం అవుతుంది, కాదనను. అంతేగానీ డబ్బులు తీసుకుని "ఫైలు కదిలిస్తా" అనేవాణ్ణి నమ్మకండి. మా బుర్రకథ పెద్దాయన ఒకరు ఇలాగే ఒకడికి డబ్బిచ్చి, సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోలేదు. అడగడానికి మొహమాటపడకండి పెద్దాయనా, ఫారం నింపడానికి ఇంట్లో చదువుకునే పిల్లలు చాలు. పాత కరపత్రాలు, పేపర్ కటింగులు చిత్తుకాగితాల వాడికి వేయొద్దు, ఆధారాలంటే అవే.

పద్యాలు ఇక ఎవరూ నేర్చుకోవడం లేదు అనేది ఇంకో పాట. దుగ్గిరాల వైపు నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది, వాళ్లబ్బాయి డిగ్రీ, పొద్దస్తమానం పద్యాలేనట. "బతకగలడా బాబూ?" అని అడిగింది. ఆవిడ గొంతులో భయం విన్నాక ఉపన్యాసం ఇవ్వబుద్ధి కాలేదు. ఇదొక్కటే నమ్ముకుని బతకడం కష్టమమ్మా, ఉద్యోగం చూసుకోనీ, శనాదివారాలు నాకు పంపించు అన్నాను. వస్తున్నాడు. అర్జునుడికి పనికొస్తాడు, గొంతు ఇంకా కాస్త ముదరాలి.

అన్నట్టు, మొదట్లో చెప్పిన కమిటీ పెద్దాయన నిన్న మళ్లీ ఫోన్ చేశారు. శాలువాలు తగ్గించుకుంటాం, మనిషికింత అని మాట్లాడండి అన్నారు. లెక్క చెప్పాను, సరేనన్నారు. బాబాయి పెట్టె కూడా బాగైంది. డేటు రాసుకున్నాను గానీ అడ్వాన్సు ఇంకా రాలేదు.